దశమభాగం కట్టాం, దీవెనేదీ?

మన సినిమాల్లో, మీమ్స్‌లో పాస్టరంటే ఒక బొమ్మ తయారైపోయింది. తెల్ల సూటు, చేతిలో మైకు, వెనక కీబోర్డు, స్క్రీను మీద క్యూఆర్ కోడు. ఆ బొమ్మని చూసి నవ్వుకోవడం తేలిక. అందులో మనకో లాభం కూడా ఉంది. తప్పంతా అతని జేబులోనే ఉందని తేల్చేసి, మన జేబు తడుముకోకుండా ఇంటికెళ్లిపోవచ్చు.

నేను రాస్తున్నది దొంగ పాస్టర్ల గురించి కాదు. దొంగల సంగతి పోలీసులూ కోర్టులూ చూసుకోవాలి. నా గొడవ నిజాయితీపరులతో. చెప్పేది మనస్ఫూర్తిగా నమ్మి చెప్పే బోధకుడితో. జీతంలో పదోవంతు తీసి కవర్లో పెట్టి, కవరు మీద ప్రార్థనాంశం రాసి, దేవుడు దీన్ని ఎన్నో రెట్లు చేసి తిరిగిస్తాడని ఎదురుచూసే విశ్వాసితో. దొంగకి డబ్బు డబ్బేనని తెలుసు. అతను దాన్ని దేవుడనుకోడు, దేవుడి పేరు చెప్పి లాక్కుంటాడంతే. భక్తుడికి అలా కాదు. అతనికి డబ్బు దీవెనలా కనిపిస్తుంది, దేవుడి ముఖంలా కనిపిస్తుంది. డబ్బు మీద ప్రేమ ఆత్మని ఏం చేస్తుందో చూడాలంటే ఇక్కడ చూడాలి.

ముందు ఒక మాట సంగతి. ఇద్దరు యజమానుల దగ్గర ఒకేసారి ఊడిగం చెయ్యడం ఎవరివల్లా కాదని యేసు కొండమీది ప్రసంగంలో చెప్తాడు. దేవుడికి పోటీగా అక్కడ ఆయన నిలబెట్టింది సాతానుని కాదు, సీజరుని కాదు. డబ్బుని. ఆ చోట వాడిన అరమాయిక్ మాట ‘మామోన’. సువార్త గ్రీకులో రాసినప్పుడు కూడా ఆ మాటని అనువదించకుండా, మనిషి పేరుని ఉంచినట్టు అలాగే ఉంచేశారు. ఇంగ్లీషు బైబిళ్లలోనూ అది చాలాకాలం ‘మామన్’గానే ఉంది. మన తెలుగు బైబిలు తెరిస్తే మాత్రం అక్కడ ‘సిరి’ అని ఉంటుంది.

ఈ అనువాదం నాకు చాలా ఇష్టం. సిరి అన్నది భయపెట్టే మాట కాదు కదా. ఆడపిల్లకి ముద్దుగా పెట్టుకునే పేరు. సిరిసంపదలు, సిరివెన్నెల, సిరిమువ్వలు. కొత్త కోడలు ఇంట్లో అడుగుపెడితే సిరి నడిచొచ్చిందంటాం. అంత మంచి మాటని తెచ్చి దేవుడి ఎదుట ప్రత్యర్థిగా కూర్చోబెట్టారు మన అనువాదకులు. కోరి చేశారో, వేరే మాట దొరక్క చేశారో గానీ, అసలు ప్రమాదం ఎక్కడుందో ఆ ఒక్క మాటలో దొరికిపోయింది. డబ్బు కొమ్ములూ కోరలూ పెట్టుకుని రాదు. ముద్దుపేరుతో వస్తుంది. హారతిచ్చి లోపలికి పిలిచేది మనమే.

యజమాని అన్నవాడు ఏం అడుగుతాడు? రేపటి గురించి నన్నే నమ్ముకోమంటాడు. నేను పిలిస్తే మిగతావన్నీ వదిలేసి రమ్మంటాడు. నీ విలువెంతో నేను చెప్తానంటాడు. నా కోసం ఎవర్నో ఒకర్ని బలివ్వమంటాడు. దేవుడు అడిగే నమ్మకాన్నీ సమయాన్నీ భయాన్నీ డబ్బు కూడా అడుగుతుంది. అందుకే దాన్ని పనిముట్టు అనకుండా యజమాని అన్నాడాయన. కత్తిపీటకి ఎవరూ మొక్కరు. డబ్బుకి మొక్కుతారు.

వెంటనే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘డబ్బు చెడ్డది కాదండీ, డబ్బు మీద ప్రేమే చెడ్డది, పౌలు తిమోతికి అదే రాశాడు.’ నిజమే, అక్కడున్న మాట ధనాపేక్షే. కానీ మనం ఆ తేడాని పట్టుకునేది తప్పించుకోడానికి. తనకి డబ్బు మీద ప్రేమ ఉందని ఒప్పుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందరికీ ఉన్నది అవసరమే, ప్రేమ ఎప్పుడూ పక్కింటివాడికే. దీనికి పరీక్ష సులువు. ఏది పోతుందంటే గుండె పట్టేస్తుందో, ఏది వస్తుందంటే అబద్ధం కూడా చిన్నదిగా కనిపిస్తుందో, నిద్రలేవగానే చెయ్యి దేని కోసం వెతుకుతుందో, అదీ ప్రేమ. ఈ లెక్కన మన పట్టణాల్లో సిరికి ఎంత పెద్ద సంఘం ఉందో ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు.

ఇక చర్చిలోకి వద్దాం. కానుక ఇస్తే దేవుడు రెట్టింపు చేసి ఇస్తాడన్న బేరం మన ఊళ్లలో పుట్టింది కాదు. గత శతాబ్దంలో అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ అనే టీవీ బోధకుడు దీనికి ‘సీడ్ ఫెయిత్’ అని పేరు పెట్టి ఊరూరా చాటాడు. నువ్విచ్చేది కానుక కాదు విత్తనం, విత్తితే పంట నీదే. 1987 జనవరిలో ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. మార్చిలోగా ఎనభై లక్షల డాలర్లు రాకపోతే దేవుడు తనని పైకి పిలిచేసుకుంటాడని ప్రకటించాడు. డబ్బొచ్చింది. ఆయన 2009 దాకా బతికాడు. అదే అమెరికాలో జిమ్ బేకర్ అనే ఇంకో టీవీ బోధకుడికి 1989లో మోసం కేసులో శిక్ష పడింది. జైల్లో కూర్చుని యేసు మాటలన్నీ శ్రద్ధగా చదివాక తను ప్రకటించిన ఐశ్వర్య బోధ తప్పని ఒప్పుకుంటూ ఆయన ఒక పుస్తకమే రాశాడు. విత్తనం మాట మాత్రం విమానమెక్కి మన దాకా వచ్చింది. ఆ ఒప్పుకోలుకి టిక్కెట్టు దొరకలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1517లో జర్మనీలో పాపక్షమాపణ పత్రాలు అమ్మినప్పుడు జరిగిందీ ఇదే. రోములో కడుతున్న పెద్ద గుడికోసమని జనానికి చెప్పారు. అందులో సగం, పదవి కోసం ఆర్చిబిషప్ అల్బ్రెక్ట్ చేసిన అప్పు తీర్చడానికి ఫుగ్గర్ల బ్యాంకుకి వెళ్లింది. చచ్చిపోయిన తల్లి ఆత్మ కోసం పైసా పైసా కూడబెట్టి కట్టిన ముసలమ్మకి, తను తీరుస్తున్నది ఒక బిషప్పు అప్పని తెలీదు. మార్టిన్ లూథర్ తొంభై అయిదు వాదాలు రాసింది ఆ అమ్మకం మీదే. ఆ లూథర్ వారసులమని చెప్పుకునే ప్రొటెస్టెంట్ మందిరాల్లోనే ఇవాళ పత్రం స్థానంలో విత్తనం వచ్చి కూర్చుంది. అప్పట్లో కనీసం పరలోకం అమ్మారు. ఇప్పుడు ఫ్లాటూ వీసా అమ్ముతున్నారు.

ఈ బేరం పనిచేసే తీరు చూడండి. ఆదివారం సాక్ష్యాలకి మైకు ఇస్తారు. ఉద్యోగం వచ్చినవాడు లేస్తాడు, ఇల్లు కట్టుకున్నామె లేస్తుంది, వీసా స్టాంపయిన కుర్రాడు లేస్తాడు. నమ్మకంగా దశమభాగం ఇచ్చాం, దేవుడు చేశాడంటారు. అబద్ధం చెప్పరు పాపం. అంతే నమ్మకంగా ఇచ్చి, ఉద్యోగం ఊడి, అద్దె కట్టలేక ఊరెళ్లిపోయినామె ఆ హాల్లో లేదు. ఆమెకి మైకు ఇచ్చేవాళ్లెవరు? ఉన్నా ఏమని లేస్తుంది? అందుకే నెగ్గినవాళ్ల మాటే సువార్తయి కూర్చుంది. ఓడినవాళ్ల దగ్గరికి ఒక ప్రశ్న మాత్రం చేరుతుంది. ‘నీ విశ్వాసంలో ఎక్కడో లోటుందేమో చూసుకోమ్మా.’

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి అడిగిందీ ఇదే. నువ్వేదో చేసుంటావు, లేకపోతే ఇలా ఎందుకవుతుంది అన్నారు. ఆ గ్రంథం చివర దేవుడు కోప్పడింది యోబుని కాదు, ఆ స్నేహితుల్ని. డబ్బుని ప్రేమించే భక్తి చేసే మొదటి నష్టం ఇది. పేదరికాన్ని నేరం చేస్తుంది. బీదవాడి దగ్గరున్న చివరి ధైర్యం, దేవుడు నా పక్కనున్నాడన్న ధైర్యం, అది కూడా లాగేసుకుంటుంది.

దశమభాగం మీద ఎప్పుడూ చదివేది మలాకీ మూడో అధ్యాయం పదో వచనం. ఆకాశపు కిటికీలు తెరుచుకోవడం, పట్టనంత దీవెన, అన్నీ అందులోనే ఉన్నాయి. మంచిదే, చదవండి. అదే అధ్యాయంలో అయిదో వచనం మీద ఎన్ని ప్రసంగాలు విన్నారో చెప్పండి. కూలివాడి కూలి దగ్గర అన్యాయం చేసేవాళ్ల మీద, విధవరాళ్లనీ తండ్రిలేని పిల్లల్నీ బాధపెట్టేవాళ్ల మీద, పరదేశిని తోసేసేవాళ్ల మీద నేనే సాక్షిగా నిలబడతానంటాడు దేవుడు. పదో వచనం చేరాలంటే అయిదో వచనం దాటే వెళ్లాలి. మా ప్రసంగీకులు దాన్ని ఫ్లైఓవరెక్కి దాటేస్తున్నారు. అసలు ద్వితీయోపదేశకాండంలో దశమభాగం దేనికో కూడా రాసుంది. మూడేళ్లకోసారి ఆ భాగాన్ని ఊళ్లోనే ఉంచాలి. భూమిలేని లేవీయుడు, పరదేశి, తండ్రిలేని పిల్లలు, విధవరాలు వచ్చి కడుపునిండా తినాలి. అంటే అది ఊరి అన్నం. దాన్ని తీసుకొచ్చి మనం దేవుడి దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం.

విధవరాలి రెండు కాసుల కథ కూడా అంతే. ఉన్నదంతా వేసేసింది, మీరూ అలా వెయ్యండని చెప్తారు. మార్కు సువార్తలో ఆ కథకి సరిగ్గా ముందు ఏముంది? దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ల ఇళ్లు మింగేసే శాస్త్రుల మీద యేసు మండిపడతాడు. ఆ వెంటనే ఒక విధవరాలు వచ్చి తన బతుకంతా ఆ పెట్టెలో వేస్తుంది. దాని తర్వాత, ఈ ఆలయంలో రాయి మీద రాయి మిగలదని చెప్పి వెళ్లిపోతాడు. మూడూ కలిపి చదివితే ఆయన ఆమెని చూపించి ‘ఇలా ఇవ్వండి’ అన్నాడో, ‘ఈ గుడి ఈమెని ఏ గతికి తెచ్చిందో చూడండి’ అన్నాడో మీరే ఆలోచించండి. ఆమె భక్తి గొప్పదే. ఆ పెట్టె మాత్రం గొప్పది కాదు.

సూదిబెజ్జం సంగతి ఇంకా తమాషా. ఒంటె సూదిబెజ్జంలో దూరడం ధనవంతుడు పరలోకం చేరడంకన్నా తేలికన్న మాట మనకి మింగుడుపడలేదు. అందుకని యెరూషలేములో ‘సూదిబెజ్జం’ అనే చిన్న గుమ్మం ఉండేదనీ, ఒంటె మోకాళ్ల మీద వంగితే పట్టేదనీ ఒక కథ పుట్టించారు. అలాంటి గుమ్మం అక్కడ ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు. ఉండుంటే శిష్యులు అంత బిత్తరపోరు. ‘అయితే ఇంకెవరికి రక్షణ?’ అన్న భయం వాళ్లకి ఎందుకొచ్చింది? ధనవంతుడంటే దేవుడు దీవించినవాడని వాళ్లు నమ్మారు కాబట్టి. అంటే మనం ఇవాళ కొత్త సువార్త అనుకుంటున్నది, యేసు సరిదిద్దకముందు శిష్యులకున్న పాత పొరపాటు. ఆయన కొట్టేసిన జవాబునే మనం మళ్లీ బోర్డు మీద రాసుకున్నాం.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వస్తుంది. రావాలి కూడా. ‘తరతరాలుగా చేతిలో రూపాయి ఆడనివ్వని కులాలవాళ్లకి ఇప్పుడు డబ్బు మీద ప్రేమొద్దని చెప్తున్నారా? భూములున్నవాళ్లకి ముందు చెప్పండి.’ ఈ కోపం న్యాయమైంది. తెలుగు నేల మీద క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకి పక్కా ఇల్లంటే ఆడంబరం కాదు, తలెత్తుకోవడం. ఇస్త్రీ చొక్కా వేసుకుని బైబిలు పట్టుకుని వీధిలో నడవడమే ఒక తిరుగుబాటయిన రోజులున్నాయి. ఆ నడకని అత్యాశ అనేవాడికి యేసు గురించి మాట్లాడే అర్హత లేదు. ఆయన నేర్పిన ప్రార్థనలోనే ఇవాళ్టి తిండి అడగడం ఉంది. ఆకలి పాపం కాదు. కావాలనుకోవడమూ పాపం కాదు.

కానీ ఆ పేటల చరిత్రే ఈ బేరానికి గట్టి జవాబు. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం పిట్టల్లా రాలిపోయారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఎంతోమంది బాప్తిస్మమిమ్మని అడిగారు. కరువు పనులు నడిచినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. కూటికోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట రాకూడదని, కూలికీ దేవుడికీ మధ్య గీత గీశాడు. సాయం ఆగాకే నీళ్లలోకి పిలిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. పంచడానికి బియ్యమూ కూలీ లేని రోజున వచ్చారు వాళ్లు. అంతమంది ఎందుకొచ్చారన్న దాని మీద చరిత్రకారులు వేరువేరు కారణాలు చెప్తారు, చెప్పనివ్వండి. ఆ గీత సంగతి మాత్రం కాదనలేనిది. ‘బియ్యం క్రైస్తవులు’ అని ఎగతాళి చేసేవాళ్లకి ఆ గీతే జవాబు. నూట నలభై ఏళ్లు దాటాక వాళ్ల మునిమనవలకి మైకులో చెప్తున్నదేమిటి? దేవుణ్ణి ఒప్పుకో, కారొస్తుంది. పాత ఎగతాళిని మనమే నిజం చేసుకుంటున్నాం. అప్పుడు బియ్యమన్నారు, ఇప్పుడు ఎస్‌యూవీ. అంతే తేడా.

ఇంకో లెక్క కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఆ తలుపు తెరిచారు గానీ క్రైస్తవుడికీ ముస్లింకీ తెరవలేదు. మన రాష్ట్రాల్లో అతన్ని బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం చేతిలో పెట్టారు. అంటే ఈ మనిషికి యేసు వల్ల వచ్చింది లాభం కాదు, ఖర్చు. సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది, అయినా వదలడు. కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి బతకాల్సిన ఇళ్లెన్నో! ఇంత ఖరీదు కట్టి నమ్ముతున్నవాడి ముందు నిలబడి ‘నమ్మితే డబ్బొస్తుంది’ అనడం బోధ కాదు, అవమానం. అతని విశ్వాసమేంటో అతనికి తెలుసు. దానికి రేటు కట్టాల్సిన పని మనకి లేదు.

ఇంతదాకా చదివి, మనకి ఈ చర్చి గొడవలెందుకు అనుకునే మిత్రులకి ఒక మాట. మీరు కానుక కవరు చూసి నవ్వుతారు, మంచిదే. మరి విశ్వానికి సంకేతాలు పంపితే సంపద దానంతటదే నడిచొస్తుందని చెప్పే పుస్తకం మీ అల్మరాలో ఎందుకుంది? ప్యాకేజీ చెప్పగానే పెళ్లిచూపుల్లో గొంతులెందుకు మారతాయి? మార్కెట్ పడిన రోజు కళ్లెందుకు వాలిపోతాయి? ఉద్యోగం పోయిన స్నేహితుడికి ‘స్కిల్స్ పెంచుకోవాల్సింది రా’ అంటాం. ‘నీ విశ్వాసంలో లోటుందేమో’ అన్న మాటకి అది ఐటీ కారిడార్ అనువాదం. యోబు స్నేహితులకి మతం అక్కర్లేదు, ఐడీ కార్డుంటే చాలు. సిరి సెక్యులర్. అన్ని మతాలవాళ్లనీ, ఏ మతమూ లేనివాళ్లనీ సమానంగా చేర్చుకుంటుంది.

ఒకతను యేసు దగ్గరికి వచ్చి, మా అన్నదమ్ముల మధ్య ఆస్తి పంచమని మా వాడికి చెప్పండన్నాడు. లూకా సువార్తలో ఉంది. ఎంత తెలుగు సమస్య అది! గట్టు జరిపాడని తోబుట్టువుతో ఇరవై ఏళ్లు మాట్లాడని ఇళ్లు మన చుట్టాల్లోనే ఉంటాయి. నేను పెద్దమనిషిని కాదన్నాడు యేసు. పంచాయితీ చెయ్యలేదు, ఒక కథ చెప్పాడు. పంట విరగబడి పండిన రైతు, కొట్లు చాలక పాతవి కూలగొట్టి పెద్దవి కట్టాలనుకుంటాడు. ఆ రాత్రే చచ్చిపోతాడు. అందరూ చావు దగ్గర ఆగిపోతారు. నాకు భయం వేసేది అంతకుముందే. ఆ కథలో ఇంకో మనిషి లేడు. భార్య లేదు, పాలేరు లేడు, పక్కింటివాడు లేడు. అన్నీ నా పంట, నా కొట్లు, నా ధాన్యం. ఆఖరికి మాట్లాడుకోడానికి కూడా తన ప్రాణం తప్ప ఎవరూ మిగల్లేదు. డబ్బుని ప్రేమించినవాడికి నరకం చచ్చాక రాదు. బతికుండగానే చుట్టూ మనుషులు ఒక్కొక్కరే మాయమవుతారు. చివరికి దేవుడు కూడా మనిషిలా కనిపించడు, ఓటీపీ పంపే బ్యాంకులా కనిపిస్తాడు.

ఏం చెయ్యాలంటారా? పెద్ద సంస్కరణలేం అడగను. పదో వచనం చదివిన ప్రతిసారీ అయిదో వచనం కూడా చదవండి. ఆదివారం వచ్చిన కానుకెంత, అందులో సంఘంలోని విధవరాళ్లకీ చదువు ఆగిన పిల్లలకీ వెళ్లిందెంత, మందిరం ఏసీకి వెళ్లిందెంత, గోడ మీద రాయండి. నెలకోసారైనా మైకుని, ప్రార్థన చేసినా ఉద్యోగం రానివాడికి ఇవ్వండి. అయినా ఎందుకొస్తున్నావని అడగండి. అతను చెప్పే జవాబే మనం వినాల్సిన సాక్ష్యం. దాన్ని వినే ఓపిక లేని సంఘం యేసు పేరు బోర్డు మీద ఉంచుకోనక్కర్లేదు.

డబ్బున్నవాళ్లకి చెప్పాల్సింది వేరే ఉంది. జక్కయ్య దగ్గర యేసు కానుక పట్టలేదు, అతనింటికి భోజనానికి వెళ్లాడు. అన్నం దగ్గర అతనే లేచి నిలబడి సగం ఆస్తి బీదవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు, అన్యాయంగా తీసుకుందేమైనా ఉంటే నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఈ ఇంటికి ఇవాళ రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ మాట తర్వాతే. బైబిల్లో రెట్టింపుల లెక్క ఇది కూడా. అక్కడ నాలుగింతలు దేవుడి దగ్గర్నుంచి జక్కయ్యకి రాలేదు. జక్కయ్య దగ్గర్నుంచి, అతను ముంచినవాళ్లకి వెళ్లాయి.